చుక్క గుర్తు ప్రశ్న – నేరం, వలస, మంత్రిగారి జవాబు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయగల పండితులు మన సభ్యులలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఏలూరులో ఫైళ్ళ మధ్య గడిపిన నాబోటి గుమాస్తాకు తెలిసిన చరిత్ర వేరు. అది శాసనసభలోనూ, పార్లమెంటులోనూ అడిగే ప్రశ్నల చరిత్ర. వాటిలో ఒక ప్రశ్న మాత్రం ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. “నేరాలు పెరిగిన మాట నిజమేనా? బయటినుండి వచ్చినవారే అందుకు కారణమా? అయినచో ప్రభుత్వం తీసుకున్న చర్యలేమి?” ఈ మూడు ముక్కల ప్రశ్న గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

అడిగే హక్కు ఎలా వచ్చింది

1861 చట్టం ప్రకారం ఏర్పడిన శాసన మండలులలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 చట్టంతో ఆ హక్కు వచ్చింది. 1893లో భింగా రాజాగారు ఇంపీరియల్ శాసన మండలిలో మొదటి ప్రశ్న వేశారు. అధికారులు క్యాంపుకు వెళ్ళినప్పుడు సరుకులు సమకూర్చలేక పల్లెటూరి దుకాణదారులు పడే ఇబ్బందుల గురించి ఆ ప్రశ్న. క్యాంపు ఏర్పాట్లు చూసిన మన సభ్యులు ఇది చదివి నవ్వుకుంటారని నాకు తెలుసు! అయితే జవాబు విన్న తరువాత తిరిగి అడిగే వీలు అప్పుడు లేదు. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రం అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం ఇచ్చారు. 1919 సంస్కరణలతో అది సభ్యులందరికీ దక్కింది. మంత్రిగారికి చెమటలు పట్టించేది అసలు ప్రశ్న కాదు, ఈ అనుబంధ ప్రశ్నే.

చుక్క గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు సిద్ధపడాలి. చుక్క లేని ప్రశ్నకు వ్రాతపూర్వకమైన జవాబు చాలు.

జపాను వంటి దేశాలలో విదేశీయుల రాకపోకల వ్యవహారం న్యాయశాఖ మంత్రి కిందనే ఉంటుంది. మన దేశంలో న్యాయశాఖ కోర్టుల వ్యవహారం చూస్తుంది. నేరం, వలస గురించి జవాబు చెప్పవలసినవారు హోంమంత్రిగారు. అందులోనూ రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల జాబితాలోనివి. పౌరసత్వం, విదేశీయులు, దేశంలోకి రాకపోకలు కేంద్రం జాబితాలోనివి. అందుకే కేంద్ర హోంమంత్రులు నేరాల ప్రశ్నకు “ఇది రాష్ట్రాల విషయం” అనే మాటతో జవాబు మొదలుపెట్టడం మనం చాలాసార్లు విన్నాము.

ఈ హక్కు లేకపోతే ఏమవుతుందో కూడా మన తరం చూసింది. 1975 జూలైలో, అత్యవసర పరిస్థితి ప్రకటించాక జరిగిన మొదటి సమావేశాలలో, ప్రశ్నోత్తరాల సమయాన్ని నిలిపివేశారు. అప్పటి కేంద్ర హోంమంత్రి మన రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానంద రెడ్డిగారే. వేలాదిమంది నిర్బంధంలో ఉన్న కాలంలో, సభలో నిలబడి “ఎందరిని? ఎందుకు?” అని అడిగే గంట లేకుండా పోయింది. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా పార్లమెంటులో మళ్ళీ ఆ గంట లేకుండా సమావేశాలు జరిగాయి.

మనవాళ్ళే పరాయివాళ్ళయినప్పుడు

“బయటివారు” అనే మాట మన తెలుగువారి నెత్తిన పడిన కథ చెప్పాలి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుండి లక్షలాదిగా జనం రంగూను వెళ్ళేవారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవారిని “కోరంగీలు” అని పిలిచేవారు. రేవులో మూటలు మోసినవారు, రిక్షా లాగినవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారు వీరే. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. ఏలూరు నుండి మద్రాసు పోయినవాడు ఎంత పరాయివాడో రంగూను పోయినవాడూ అంతే.

1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవారు తిరిగి పనిలోకి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. ఆ తగవు రేవు దాటి ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వందల సంఖ్యలో గాయపడ్డారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మన కూలీలే. ఇద్దరు పేదవాళ్ళను ఒకే పనికి ఎదురెదురుగా నిలబెట్టిన వారి పేరు మాత్రం అల్లరి లెక్కల్లోకి రాలేదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియానుండి విడదీశారు. ఆ రోజున రంగూనులో ఉన్న తెలుగువాడు ఒక్క అడుగు కూడా కదలలేదు. అయినా తెల్లవారేసరికి పరదేశి అయ్యాడు. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. భారతీయుల రాకవల్ల స్థానికులకు నష్టం జరుగుతున్నదా అనే విషయం విచారించడానికి జేమ్స్ బాక్‌స్టర్ అనే అధికారిని నియమించారు. ఆయన అంకెలు తీసి చూస్తే, వలస వచ్చేవారి జోరు అప్పటికే తగ్గిందని తేలింది. భారతీయ కూలీలు మొత్తం మీద బర్మావారి పని లాగుకోలేదని, చాలని చోట పూరించారని ఆయన అభిప్రాయపడ్డారు. అయినా 1941లో గిరిజాశంకర్ బాజ్‌పాయ్ గారు ఇండియా తరఫున చేసుకున్న ఒడంబడికలో వలసలపై కఠినమైన పర్మిట్లు పెట్టారు. దానిని గాంధీగారు విమర్శించారు. ఆ డిసెంబరులోనే జపాను బాంబులు రంగూనుమీద పడ్డాయి. లక్షలమంది అడవులగుండా కాలినడకన ఇండియాకు బయలుదేరారు. ఎందరో దారిలోనే పోయారు.

మిగిలినవారి సంగతి 1960లలో తేలింది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చినవారు ఎందరో మన తీరంలో దిగారు. విశాఖపట్నంలో “బర్మా క్యాంపు” అనే పేరు ఈనాటికీ ఉన్నది. రెండుమూడు తరాలు అక్కడ పుట్టి పెరిగినవారు ఇక్కడికి వచ్చాక, ఇక్కడ కూడా “బర్మావాళ్ళు” అనే పేరే మిగిలింది.

మన ఇంట్లో మనం చేసిన పని

బర్మావారిని తప్పుపట్టడం సులభం. మన సొంత గడ్డమీద కూడా ఒక ఊరినుండి ఇంకొక ఊరికి నడవడమే నేరమైన రోజులున్నాయి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దానిని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించారు. ఎరుకలవారు ఒకప్పుడు గాడిదలమీద, ఎడ్లమీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తానుండి మెట్టప్రాంతాలకు తిరిగి అమ్ముకునేవారు. బుట్టలు అల్లేవారు. రోడ్లు పడి, రైళ్ళు వచ్చి, ఉప్పుమీద సర్కారు పట్టు బిగిశాక ఆ బతుకుతెరువు పోయింది. తిరిగే అలవాటు మాత్రం మిగిలింది. ఆ తిరుగుడే అనుమానానికి కారణమైంది.

రిజిస్టరులో పేరు, వేలిముద్ర ఎక్కేవి. వేళకు హాజరు వేయించుకోవాలి. చీటీ లేకుండా ఊరు దాటితే శిక్ష. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు గవర్నరుగారి కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరుమీద దానికి స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడ పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే ఊరి పేరుతో అనుమానితుడయ్యాడు.

సభలలో ప్రశ్నలు, తీర్మానాలు, చర్చలు సాగి సాగి మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటికీ విచారణ జరపడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షులు మన చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత లోక్‌సభ స్పీకరుగా ప్రశ్నోత్తరాలు నడిపించినవారూ ఆయనే. జాతిని బట్టి కాక, మనిషి చేసిన పనిని బట్టి చట్టం ఉండాలని కమిటీ సూచించింది. కైలాస్‌నాథ్ కాట్జూ గారు కేంద్ర హోంమంత్రిగా ఉన్న కాలంలో, 1952 ఆగస్టు 31న, ఆ చట్టం దేశమంతటా పోయింది. అయితే దాని నీడ అలవాటుపడిన నేరస్థుల చట్టాల రూపంలో మిగిలింది. మన రాష్ట్రంలో అటువంటి చట్టం 1962లో వచ్చింది. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన హేమలతా లవణం గారు, లవణం గారు స్టూవర్టుపురంలో ఏళ్ళతరబడి శ్రమించి ఎన్నో కుటుంబాలకు కొత్త బతుకు చూపించారు. జైళ్ళ మాన్యువళ్ళలో కులాన్నిబట్టి పని, గది కేటాయించే నిబంధనలను, విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూసే పద్ధతిని సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరు 3న. అంటే చట్టం పోయిన 72 ఏళ్ళకు!

కాలమ్ లేని అంకె

ఇక జవాబులు తయారయ్యే చోటు సంగతి. “ఎల్.ఏ.క్యూ.” అనే మూడక్షరాలు చూడగానే మన సెక్షన్లలో పుట్టే కలకలం సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. సచివాలయంనుండి వైర్‌లెస్ మెసేజ్ వచ్చేది. తాసిల్దారు ఆఫీసులకు మనిషిని పరుగెత్తించేవాళ్ళం. స్టేట్‌మెంట్లు కలిపి, కూడి, డ్రాఫ్టు పెట్టి, అనుబంధ ప్రశ్నలకు వేరే నోటు జతచేసి, రాత్రి ఆఖరు బస్సుకు ప్రత్యేక దూతను హైదరాబాదు పంపేవాళ్ళం.

1980లలో కొల్లేటి లంక గ్రామాల్లో చేపల చెరువులు పెరుగుతున్నాయి. చెరువు గట్లు వేయడానికి, కాపలాకు, పట్టుబడికి దూరప్రాంతాలనుండి కూలీలు వస్తున్నారు. వలలు కోయడం, చేపల దొంగతనం, కొట్లాటలు పెరిగాయని ఫిర్యాదులు వస్తున్నాయి. బయటినుండి వచ్చినవారివల్లనే నేరాలు పెరిగాయా అని అడుగుతూ ఒక ప్రశ్నకు వివరాలు పంపవలసి వచ్చింది. స్టేషన్లవారీగా కేసుల సంఖ్య వచ్చింది. నిందితుడిది ఏ ఊరో చెప్పే కాలమ్ ఆ స్టేట్‌మెంటులో లేదు. గడువు రెండు రోజులు. సగంమంది బయటివారేనని ఉజ్జాయింపుగా వేద్దామని ఒకరన్నారు. మా సూపరింటెండెంటుగారు పెన్ను కిందపెట్టి, “కాలమ్ లేనిచోట అంకె వెయ్యకండయ్యా. మనం వేసిన అంకె మంత్రిగారి నోట పలుకుతుంది. రేపు అదే సాక్ష్యమై ఎవడి గుడిసెమీదనో పడుతుంది” అన్నారు. “ఈ వివరములు విడిగా సేకరించబడలేదు” అని వ్రాసి పంపాము. చప్పటి వాక్యమే. నా సర్వీసులో ఇంతకంటె నిక్కమైన వాక్యం నా చేతిమీదుగా వెళ్ళినట్లు గుర్తులేదు.

కేసులు పెరగడం వేరు, నేరం పెరగడం వేరని కూడా ఆయనే చెప్పేవారు. కొత్త స్టేషను పెడితే కేసులు పెరుగుతాయి. జనం ధైర్యంగా ఫిర్యాదు చేసినా పెరుగుతాయి. చెరువు గట్టుమీద తగవు వచ్చినప్పుడు, గట్టు ఎవరిదో తేల్చే కాగితం లేకపోవడమే అసలు కారణం కావచ్చు. మట్టి మోసిన కూలీవాడు కాకపోవచ్చు.

ఇప్పుడు మన వంతు

ఈ పాత కథలన్నీ ఇప్పుడెందుకు అనవచ్చు. మన పెన్షనర్ల ఇళ్ళలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పిల్లలు లేని ఇల్లు ఎన్ని? 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులను అమృతసర్‌లో దింపారు. సంకెళ్ళు వేసి తెచ్చారని సభలో గగ్గోలు పుట్టింది. మరునాడే విదేశాంగ మంత్రి జయశంకర్ గారు రాజ్యసభలో ప్రకటన చేస్తూ, 2009 నుండి ఏ ఏట ఎందరిని పంపారో లెక్కలు చదివారు. అదే ఏడాది మన దేశంలో 1946 నాటి విదేశీయుల చట్టం పోయి, దాని స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. వచ్చేవారి గురించి మనం చట్టం చేసుకుంటున్నాము. వెళ్ళినవారి గురించి ఇంకొకరు చేస్తున్నారు. ప్రతి దేశానికీ తన గడప కాచుకునే హక్కు ఉన్నది, కాదనను. అయితే చట్టం దాటినవాడిని పేరుపెట్టి పట్టుకోవడం వేరు. ఒక ఊరివాళ్ళను, ఒక భాషవాళ్ళను, ఒక కులంవాళ్ళను గంపగుత్తగా నేరస్థుల లెక్కలో వేయడం వేరు. మొదటిది న్యాయం. రెండవది 1871.

ఇప్పుడు పార్లమెంటు ప్రశ్నలూ జవాబులూ మనవళ్ళ సెల్‌ఫోనులోనే చూడవచ్చు. ఈసారి నేరం, వలస గురించి మంత్రిగారి జవాబు ఏదైనా కంటపడితే, మన పాత అలవాటు ప్రకారం ముందుగా అనుబంధం తిరగేయండి. అంకె ఉన్నదా? ఆ అంకెకు కాలమ్ ఉన్నదా? ఏ ఏటితో ఏ ఏటిని పోల్చారు? కేసుల లెక్కా, నేరం రుజువైనవారి లెక్కా? పిల్లలకు కూడా ఇలా చదవడం నేర్పండి. సర్వీసులో ఉండగా ఇటువంటి ప్రశ్నలకు జవాబులు తయారుచేసిన సభ్యులు తమ అనుభవాలను వచ్చే సంచికకు వ్రాసి పంపవలసిందిగా ప్రార్థన. ఫైళ్ళు రికార్డు రూములో చెదలు తింటాయి. మన జ్ఞాపకాలైనా మిగలాలి కదా!