కుక్క కడుపులో తొలి వెలుగు

పొట్టమీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు చేసి పిత్తాశయాన్ని తొలగించారంటే నేడు మీరు ఆశ్చర్యపోరు. కానీ ఈ విద్యకు తొలి పాఠం నేర్పింది ఒక కుక్క!

1901 సెప్టెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో డ్రెస్డెన్ వైద్యుడు గియోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క ఉదరంలోకి వడపోసిన గాలిని పంపాడు. ఆపై మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని చొప్పించి లోపలి అవయవాలను చూపాడు. గాలి ఒత్తిడితో ఉదరంలోని రక్తస్రావాన్ని ఆపాలన్నది అతని అసలు ఆలోచన. ఆ ఒత్తిడికి అవయవాలు ఏమవుతాయో చూడటానికే ఈ గొట్టం. 1910లో స్టాక్‌హోం వైద్యుడు యాకోబేయస్ మనుషులపై ఇలాంటి పరీక్షల ఫలితాలను ప్రకటించాడు.

మరి పొట్టమీద గాటే లేకుండా చేయగలమా? 2004లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన ఆంథొనీ కల్లూ బృందం పందులపై చేసిన ప్రయోగాలను ప్రకటించింది. నోటిగుండా ఎండోస్కోపును దింపి, జీర్ణాశయం గోడకు రంధ్రం చేసి, ఉదరకుహరంలోకి తొంగిచూశారు. అయితే ఆ రంధ్రం సరిగా మూసుకోకపోతే ఆమ్లమూ, సూక్ష్మజీవులూ లోపలికి కారి ప్రాణానికే ముప్పు. అందుకే కొన్ని పందులను వెంటనే చంపక, బతకనిచ్చి గమనించారు. హైదరాబాదులో డాక్టర్ జి.వి. రావు, డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఇదే మార్గంలో ఒక రోగి ఉండుకాన్ని తొలగించారు కూడా.

అయినా ఆ రంధ్రాన్ని నమ్మకంగా మూయడం సులువు కాలేదు. నోటిదారి పొట్టమీది చిన్న రంధ్రాల స్థానాన్ని ఆక్రమించలేకపోవడానికి అదొక ముఖ్య కారణం.