డిస్కుల్లో అంతస్తులు: డేటాస్టోర్ల పుట్టుపూర్వోత్తరాలు

వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని విమానం ఎక్కిన మనవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఫైళ్ల జాబితా తెరిస్తే ప్రతి పేరు పక్కనా అది ఏ డిస్కు మీద ఉందో కనిపిస్తుంది. కొన్నింటి పక్కన మాత్రం ‘మైగ్రాట్’ అని ఉంటుంది. ఆ పేరుతో డిస్కేమీ లేదు. చాన్నాళ్లుగా ఎవరూ ముట్టుకోవడం లేదని సిస్టమే ఆ ఫైలును కుదించి పక్కకు తరలించేసింది. ఇప్పుడు కావాలంటే అది వెనక్కి వచ్చేదాకా కూర్చోవాలి. టేపు దాకా వెళ్లిపోయి ఉంటే ఇంకాసేపు కూర్చోవాలి.

1970ల చివర్లో ఐబీఎం తెచ్చిన హైరార్కికల్ స్టోరేజ్ మేనేజర్ చేసే పని ఇది. ఇవాళ డేటాసెంటర్లలో గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అంటూ వర్చువల్ మెషీన్లకు నిల్వను పంచే పద్ధతికి పెద్దమ్మ అదే.

వేగంగా అందే నిల్వ ఖరీదు, చవకది నిదానం. చిక్కంతా అక్కడే మొదలైంది. 1956లో ఐబీఎం అమ్మకానికి పెట్టిన తొలి డిస్కు ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలే. అందుకే 1974లో అదే కంపెనీ 3850 అనే వింత యంత్రాన్ని తయారుచేసింది. తేనెపట్టులాంటి గూళ్ల నిండా అరచేతిలో పట్టే టేపు గొట్టాలు, ఒక్కోదానిలో 5 కోట్ల అక్షరాలు. అడిగిన గొట్టాన్ని మరచెయ్యి తీసుకొస్తే, అందులోని డేటాను ముందు డిస్కులోకి ఎక్కించి ఆ తర్వాత ప్రోగ్రాముకు అందించేవారు. అన్ని గూళ్లూ నిండితే 47,200 కోట్ల అక్షరాలు. ప్రోగ్రాముకు మాత్రం ఇదంతా మామూలు డిస్కులాగే కనిపించేది.

వర్చువల్ మెషీన్ కథ ఇంకో దారిలో నడిచింది. 1972లో ప్రకటించిన వీఎం/370లో ఒక్కొక్కరికీ ఒక మినీడిస్కు ఇచ్చేవారు. ఏ సిలిండర్ దగ్గర మొదలు, ఎన్ని సిలిండర్లు అన్నది నిర్వాహకుడే డైరెక్టరీలో రాసిపెట్టాలి. ఎవరిది ఎక్కడుందో ఆయనకు తెలుసు.

ఆ తెలిసిన మనిషిని పక్కకు తప్పించింది, ఎన్నో డిస్కులను ఒకే పెట్టెలో కలిపే డిస్క్ ఎర్రే. 1995లో హెచ్‌పీ ల్యాబ్స్‌కు చెందిన జాన్ విల్క్స్ బృందం ఆటోరెయిడ్‌ను వివరించింది. తరచూ వాడే డేటాను రెండేసి ప్రతులుగా, మిగతాదాన్ని చోటు ఆదా చేసే రెయిడ్ 5లో ఉంచుతూ, పెట్టె తనంతట తానే అటూ ఇటూ జరుపుకునేది. బయట ఉన్న సర్వర్‌కు ఆ సంగతే తెలియదు.

2001లో వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ సర్వర్ వచ్చాక వర్చువల్ మెషీన్ డిస్కు మొత్తం ఒక ఫైలైంది. అలాంటి ఫైళ్లను దాచే చోటే డేటాస్టోర్. ఒకే డేటాస్టోర్‌ను చాలా సర్వర్లు ఒకేసారి వాడుకోవచ్చు. అయితే ఏదో ఒక సర్వర్ అందులో కొత్త ఫైలు సృష్టించినా, ఉన్న ఫైలును పెంచినా, ఆ క్షణానికి డేటాస్టోర్ కూర్చున్న లన్ (ఎర్రే సర్వర్లకు ఒక డిస్కులా చూపే భాగం) మొత్తానికీ తాళం పడేది. పొద్దున్నే వందల మెషీన్లు ఒక్కసారిగా లేస్తే ఈ తాళాల దగ్గరే తొక్కిసలాట. 2010లో వీస్ఫియర్ 4.1 వచ్చాకే, ఎర్రే సహకరిస్తే, అవసరమైన ముక్కకు మాత్రమే తాళం వేసే వీలు కలిగింది. బ్లాక్ సైజు బాధ ఇంకొకటి. డేటాస్టోర్ల ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్‌ఎస్-3లో 1 ఎంబీ ఎంచుకుంటే ఏ ఫైలూ 256 జీబీ దాటలేదు. పొరపాటును దిద్దుకోవాలంటే డేటాస్టోర్ ఖాళీచేసి మళ్లీ ఫార్మాట్ చేయడమే.

నడుస్తున్న మెషీన్ డిస్కును ఆపకుండా వేరే డేటాస్టోర్‌కు మార్చే స్టోరేజ్ వీమోషన్ 2007 చివర్లో వచ్చింది. 2008లో ఈఎంసీ తన సిమెట్రిక్స్‌లో ఫ్లాష్ డ్రైవులు పెట్టడంతో, వేగమైన నిల్వ ఉండే పై అంతస్తు ఒక్కసారిగా ఎంతో ఎత్తుకు లేచింది. 2011లో వీస్ఫియర్ 5 స్టోరేజ్ డీఆర్‌ఎస్‌ను తెచ్చింది. ఒక డేటాస్టోర్ 80 శాతం నిండినా, స్పందన 15 మిల్లీసెకన్లు దాటుతూ ఉన్నా, మెషీన్లను ఎటు మార్చాలో అదే చెబుతుంది. అనుమతిస్తే మార్చేస్తుంది కూడా.

ఇక్కడ ఇద్దరు పెత్తందార్లు తయారయ్యారు. ఏ బ్లాకులు వేడిగా ఉన్నాయో కొంతకాలం గమనించి ఎర్రే వాటిని ఫ్లాష్‌లోకి ఎక్కిస్తుంది. ఈలోగా డీఆర్‌ఎస్ మొత్తం మెషీన్‌ను వేరే డేటాస్టోర్‌కు పంపిస్తే, ఎర్రే దృష్టిలో అవన్నీ కొత్తగా రాసిన బ్లాకులు. పాత లెక్కలన్నీ గాలికి పోయి మళ్లీ మొదటినుంచి గమనించాలి. అందుకే ఎర్రేలో ఇలా బ్లాకులను తనే జరిపే ఆటో టియరింగ్ ఉన్నచోట డీఆర్‌ఎస్‌లో చోటు లెక్క ఉంచుకుని, స్పందన లెక్క ఆపేయమని అనుభవజ్ఞులు చెబుతారు. 2015లో వచ్చిన వీవాల్స్ ఈ తగాదాను వేరుగా తీర్చాలని చూసింది. ఒక్కో వర్చువల్ డిస్కూ ఎర్రేకు విడివిడిగా కనిపించేలా చేసి, ఏ డిస్కు ఏ అంతస్తులో ఉండాలన్న పాలసీని ఎర్రేకే అప్పగించింది.

ఇన్ని మారినా మైగ్రాట్ కాలంనాటి లోపం ఒకటి అలాగే ఉంది. యంత్రం నిన్నటి వాడకాన్నే లెక్కిస్తుంది. నెలాఖరు జీతాల డేటాబేస్ మూడు వారాలు మౌనంగా ఉంటే, దాన్ని కింది అంతస్తుకు దించేయడం యంత్రం దృష్టిలో సబబే. ముప్పయ్యో తారీఖున అందరూ ఆ డేటాబేస్ మీద పడతారని తెలిసేది అకౌంట్స్ విభాగానికే. ఆ సంగతి కనుక్కుని, ఫలానా వాల్యూమ్‌ను పై అంతస్తులోంచి కదపొద్దని పాలసీలో రాయడం ఇప్పటికీ అడ్మిన్ పనే.