గర్భచిత్రములో సందేహపు చుక్క

జహీరాబాదు నుండి హైదరాబాదుకు దారి సుమారు నూరు కిలోమీటర్లు. శిశువు మెదడులో నీటిబుడగ యున్నదని, పెద్ద ఆసుపత్రిలో చూపించుకొమ్మని వ్రాసిన టిఫా స్కాను కాగితము చేతబట్టి బయలుదేరు గర్భిణికి ఆ దారి యెంత పొడవో మనము ఊహింపగలము. ఆ బుడగకును ఒక చరిత్ర యున్నది. దానిని శ్రోతలకు విన్నవింతుము.

లోహములోని పగుళ్లను పసిగట్టు ధ్వనియంత్రమును 1955లో గ్లాస్గో వైద్యుడు అయాన్ డొనాల్డు రోగనిర్ణయమునకు మళ్లించెను. 1958లో ఆయన బృందము గర్భచిత్రములను లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. యంత్రము చూపు పదునెక్కినకొలది, అర్థము తేలని చిన్న గుర్తులును కనబడసాగెను.

మెదడులో నీరూరు చోట కనబడి, తమంత తామే మాయమగు బుడగలను 1984లో లండను వైద్యులు వర్ణించిరి. రెండేండ్లకే, శిశువు నిలుచుట దుర్లభమైన ఎడ్వర్డ్సు వ్యాధితో వానికి సంబంధము కలదని మరియొక వ్యాసము వెలువడెను. తరువాత వేలకొలది గర్భములను పరిశీలింపగా నిజము తేలినది. నూటికి సుమారు ఒక శిశువునకు ఇట్టి బుడగ యుండును. గుండె, చేతులు మున్నగునవి సరిగా నుండి, తక్కిన పరీక్షలును బాగున్నచో అది సాధారణముగా నిరపాయకరము. 28వ వారమునాటికి చాలవరకు కరగిపోవును.

కావున గుర్తు వేరు, తీర్పు వేరు. ఇది యొక్కటియేనా, తక్కిన అవయవము లెట్లున్నవి, మరల ఎప్పుడు చూడవలెను అని వైద్యుని అడుగవలెను. ఇంటివారు ఆ కాగితమునకు శకునములు చెప్పక, ఆమెకు తోడుగా బస్సెక్కినచో అదియే సగము ధైర్యము.