దానం ఒక్కటే సరిపోనప్పుడు: మసీదులు, చర్చిలు, సినగాగ్‌లు కలిసి సాధించిన ‘లివింగ్ వేజ్’

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1990ల మొదట్లో చర్చిల వాళ్లు ఉచిత భోజన కేంద్రాలు నడిపేవారు. అక్కడికి వచ్చేవాళ్లలో పనీపాటా లేనివాళ్లే కాదు, పొద్దంతా ఒళ్లు వంచి పని చేసినవాళ్లు కూడా ఉండటం పాస్టర్లు గమనించారు. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, అయినా నెల చివరికి ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. మరి ఇంకో గంటెడు కూర వండితే సమస్య తీరుతుందా?

ఆ ప్రశ్న దగ్గర మొదలైన పని లండన్ దాకా వెళ్లింది. అక్కడ మసీదులు, చర్చిలు, సినగాగ్‌లు, స్కూళ్లు, కార్మిక సంఘాలు ఒక్క వేదిక మీదికి వచ్చి బ్యాంకుల చేత, యూనివర్సిటీల చేత, చివరికి ఒలింపిక్స్ నిర్వాహకుల చేత కూడా ఊడ్చి తుడిచేవాళ్ల జీతాలు పెంచించాయి. వేర్వేరు మతాలవాళ్లు ఇలా కలిసి పని చేయడం ఎలా మొదలైంది, ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మూలం ఎక్కడ?

ఈ పద్ధతికి పేరు ‘కమ్యూనిటీ ఆర్గనైజింగ్’. దీనికి బాట వేసినవాడు షికాగోకు చెందిన సాల్ అలిన్‌స్కీ. 1939లో ఆయన షికాగో మాంసం ఫ్యాక్టరీల పక్కనున్న ‘బ్యాక్ ఆఫ్ ది యార్డ్స్’ బస్తీలో క్యాథలిక్ చర్చిలను, కార్మిక సంఘాలను ఒక్క మండలిగా కూర్చాడు. మరుసటి ఏడాది, 1940లో, ‘ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్’ అనే సంస్థ పెట్టాడు. అలిన్‌స్కీ యూదుడు, ఆయనకు అండగా నిలిచిన బెర్నార్డ్ షీల్ క్యాథలిక్ బిషప్. అంటే మతాల మధ్య స్నేహం మొదటి రోజు నుంచే ఇందులో ఉంది.

అలిన్‌స్కీ 1972లో చనిపోయాక ఆ సంస్థ ప్రార్థనా స్థలాల మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఎందుకంటే పేదల బస్తీలో మిగతావన్నీ మూతపడినా చర్చో మసీదో మాత్రం నిలబడి ఉంటుంది. వారం వారం జనం అక్కడికి వస్తారు, ఒకరి కష్టసుఖాలు ఒకరికి తెలుస్తాయి. 1974లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మెక్సికన్ మూలాలున్న క్యాథలిక్ కుటుంబాలు ఇలాగే ఒక్కటై, వాన వస్తే మునిగిపోయే తమ వీధులకు డ్రైనేజీ సాధించుకున్నాయి. 1980లలో న్యూయార్క్‌లోని ఈస్ట్ బ్రూక్లిన్‌లో చర్చిలు తమ పెద్ద సంస్థల నుంచి అప్పుగా డబ్బు తెచ్చి, పాడుబడిన స్థలాల్లో మామూలు కుటుంబాలు కొనగలిగే ఇళ్లు కట్టించాయి. జెరూసలేం గోడలు తిరిగి కట్టించిన నెహెమ్యా పేరే ఆ ఇళ్లకు పెట్టారు.

బాల్టిమోర్ నుంచి లండన్‌కు

బాల్టిమోర్‌లో చర్చిల కూటమి పేరు ‘బిల్డ్’. భోజన కేంద్రాలకు వస్తున్న కార్మికులు చాలామంది మున్సిపాలిటీ పనులు చేసే ప్రైవేటు కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లే. అంటే ప్రజల పన్నులతోనే వాళ్లకు ఆకలి జీతాలు అందుతున్నాయి. ఆ కూటమి కార్మిక సంఘంతో కలిసి పోరాడగా 1994లో నగరం కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం నగర పనులు చేసే కాంట్రాక్టర్లు 1995 నుంచి గంటకు 6.10 డాలర్లు ఇవ్వాలి. అప్పటి జాతీయ కనీస వేతనం 4.25 డాలర్లే.

ఈలోగా బ్రిటన్‌లో నీల్ జేమ్సన్ అనే ఆయన ఈ పద్ధతిని నేర్చుకుని 1989లో ఒక సంస్థ మొదలుపెట్టారు. అదే తర్వాత ‘సిటిజన్స్ యూకే’ అయింది. దాని కింద 1996లో తూర్పు లండన్‌లో ‘టెల్కో’ పుట్టింది. దాని పూర్తి పేరు ‘ది ఈస్ట్ లండన్ కమ్యూనిటీస్ ఆర్గనైజేషన్’.

తూర్పు లండన్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఒకప్పుడు యూదులు వలస వచ్చి బతికిన ప్రాంతం అది, తర్వాత బంగ్లాదేశీ ముస్లింలు వచ్చారు. వైట్‌చాపెల్‌లో ఈస్ట్ లండన్ మాస్క్ పక్కనే 1899లో కట్టిన ఫీల్డ్‌గేట్ స్ట్రీట్ సినగాగ్ చాలా ఏళ్లు నడిచింది. అక్కడి నుంచి కొద్ది దూరం పోతే కానరీ వార్ఫ్ అద్దాల మేడలు, ప్రపంచ బ్యాంకుల ఆఫీసులు కనిపిస్తాయి. పగలు అక్కడ కోట్లు తిరుగుతాయి. రాత్రి ఆ ఆఫీసులు తుడిచేవాళ్లు ఈ బస్తీల్లోనే ఉంటారు.

మసీదుకు ఏం ఒరిగింది?

‘మనం వాళ్లతో కలిస్తే మనకేం లాభం?’ అని ఏ కమిటీలోనైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఈస్ట్ లండన్ మాస్క్ అనుభవమే దానికి జవాబు. 1990ల చివర్లో మసీదు పక్క స్థలం ఖరీదైన ఫ్లాట్ల కోసం బిల్డర్‌కు పోయే పరిస్థితి వచ్చింది. జుమా రోజున నమాజీలు పట్టక ఇబ్బంది పడుతున్న మసీదుకు ఆ స్థలం చాలా అవసరం. అప్పుడు టెల్కోలోని చర్చిలు, ఇతర సంస్థలు మసీదుకు మద్దతుగా నిలబడ్డాయి. చివరికి ఆ స్థలంలోనే ‘లండన్ ముస్లిం సెంటర్’ కట్టారు. 2004లో దాన్ని ప్రారంభించినప్పుడు మక్కా హరం ఇమాం షేఖ్ అబ్దుర్రహ్మాన్ సుదైస్ వచ్చి నమాజ్ చదివించారు.

మసీదు కోసం క్రైస్తవులు నిలబడ్డారు. ఆ తర్వాత క్రైస్తవ కార్మికుల జీతాల కోసం మసీదు నిలబడింది. కూటమి గట్టిపడేది ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడంతోనే.

రాత్రి క్లీనర్ అడిగిన మాట

2001లో టెల్కో జీతాల పోరాటం మొదలుపెట్టింది. దీని వెనుక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. సభ్య సంస్థల్లో ‘మీ ఇంట్లో అసలు కష్టం ఏంటి?’ అని అడుగుతూ పోతే తల్లిదండ్రులు చెప్పిందే వెనుక ఉంది. కనీస వేతనం మీద రెండేసి ఉద్యోగాలు చేస్తున్నాం, అయినా చాలడం లేదు, పిల్లల ముఖం చూసే టైమ్ లేదు అని వాళ్లు చెప్పారు.

2003లో హెచ్ఎస్‌బీసీ బ్యాంకు వాటాదారుల వార్షిక సమావేశం జరిగింది. టెల్కో తరఫున ఒక రాత్రి క్లీనర్ అందులోకి వెళ్లి లేచి నిలబడ్డాడు. బ్యాంకు చైర్మన్ కూర్చునే ఆఫీసును శుభ్రం చేసేది తానేనని, ఇద్దరూ ఒకే చోట పని చేస్తున్నా తమవి రెండు వేరే లోకాలని ఆయనతో ముఖాముఖి చెప్పాడు. ఐదుగురు పిల్లల తండ్రిగా ఆ జీతంతో ఎలా బతకాలని అడిగాడు. పత్రికలన్నీ ఆ మాటను రాశాయి. 2004లో కానరీ వార్ఫ్‌లోని పెద్ద బ్యాంకులు క్లీనర్ల జీతాలు పెంచడానికి ఒప్పుకోవడం మొదలైంది.

ఆ తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు:

2004లో ఒలింపిక్స్ బిడ్ వేస్తున్న లండన్ నాయకత్వం ఈ కూటమితో ఒప్పందం చేసుకుంది. స్థానికులకు ఉద్యోగాలు, జీవన వేతనం, అందుబాటు ధరల ఇళ్లు అందులో ఉన్నాయి.

2005లో లండన్ మేయర్ కార్యాలయం ప్రత్యేక విభాగం పెట్టి లండన్ లివింగ్ వేజ్‌ను గంటకు 6.70 పౌండ్లుగా లెక్కగట్టింది. అప్పటి చట్టబద్ధ కనీస వేతనం 4.85 పౌండ్లు.

2006లో తూర్పు లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ ఈ వేతనం అమలు చేసిన మొదటి యూనివర్సిటీ అయింది.

2011లో ‘లివింగ్ వేజ్ ఫౌండేషన్’ ఏర్పడింది. ఇప్పుడు బ్రిటన్‌లో 15 వేలకు పైగా సంస్థలు దాని గుర్తింపు తీసుకున్నాయి.

కూటమి ఎలా నడుస్తుంది?

ఇందులో వ్యక్తులు కాదు, సంస్థలు సభ్యులు. మసీదు కమిటీ, చర్చి, స్కూలు, యూనియన్ ఏదైనా ఏటా చందా కట్టాలి. ఆ డబ్బుతోనే పూర్తికాలం పనిచేసే ఆర్గనైజర్ల జీతాల్లో కొంత నడుస్తుంది. తమ జేబులోంచి ఇచ్చిన డబ్బు ఉంటే ఎవరి ముందూ తల వంచాల్సిన పని ఉండదన్నది వాళ్ల లెక్క.

పని నాలుగు దశల్లో సాగుతుంది. మొదట ఇద్దరిద్దరు కూర్చుని అరగంట, గంట మాట్లాడుకుంటారు. అది సర్వే కాదు, పరిచయం. తర్వాత ఒక్కో సంస్థలో జనం చెప్పే కష్టాలు వింటారు. అందులోంచి గెలవగలిగేవి, అందరికీ పనికొచ్చేవి రెండు మూడు ఎంచుకుంటారు. ‘పేదరికం పోవాలి’ అంటే అది పెద్ద మాటే కానీ పని కాదు. ‘ఫలానా బ్యాంకు క్లీనర్‌కు గంటకు ఇంత ఇవ్వాలి’ అంటే అది పని. చివరగా ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, వాళ్లను పెద్ద సభకు పిలిచి, వందల మంది ముందు ‘ఔనా, కాదా?’ అని మర్యాదగానే అడుగుతారు. ఎన్నికల ముందు మేయర్ అభ్యర్థులను కూడా అలాగే పిలుస్తారు. ఏ పార్టీకీ మద్దతు ప్రకటించరు.

మత విషయాల్లో చర్చ పెట్టరు. ఎవరి ప్రార్థన వారిది, ఎవరి నమ్మకం వారిది. కలిసేది వీధి దీపం దగ్గర, జీతం చీటీ దగ్గర, అద్దె ఇంటి దగ్గర.

మత గ్రంథాల్లో ఆధారం ఉందా?

ఉంది, అందుకే ఈ విషయంలో అందరూ తేలిగ్గా కలిశారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న అర్థం వచ్చే హదీసు ముస్లింలకు సుపరిచితం. పొద్దు గూకకముందే కూలి చెల్లించాలని తౌరాత్‌లోనూ ఉంది. క్యాథలిక్కుల విషయానికొస్తే 1891లో పోప్ లియో 13 కార్మికుల న్యాయమైన వేతనం గురించి ప్రత్యేకంగా సందేశం వెలువరించారు.

ఇతరులతో కలిసి న్యాయం కోసం పని చేయడానికి ముస్లింలు ‘హిల్ఫుల్ ఫుజూల్’ను గుర్తు చేసుకుంటారు. ఇస్లాంకు పూర్వం మక్కాలో యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడికి సరుకు డబ్బు ఎగ్గొట్టారు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లా ఇబ్న్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. యువకుడిగా ఉన్న ముహమ్మద్ ప్రవక్త (స) ఆ ఒప్పందంలో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళ్తానన్న భావం తర్వాత వ్యక్తం చేశారు.

జీతాలతో ఆగలేదు

తూర్పు లండన్‌లో పాత సెయింట్ క్లెమెంట్స్ ఆస్పత్రి స్థలంలో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ ద్వారా 23 ఇళ్లు వచ్చాయి. వాటి ధర మార్కెట్‌ను బట్టి కాకుండా ఆ ప్రాంతపు సగటు మనిషి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. తిరిగి అమ్మినా అదే లెక్క. 2017లో అక్కడికి కుటుంబాలు చేరాయి.

2016లో బ్రిటన్ ప్రభుత్వం శరణార్థి కుటుంబాలను స్థానిక బృందాలే ఆదుకునే పథకం తెచ్చింది. దాని కోసం కూడా ఈ కూటమి ఒత్తిడి తెచ్చింది. క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ నివాసమైన లాంబెత్ ప్యాలెస్ ఆవరణలోనే ఒక సిరియా కుటుంబానికి ఇల్లు ఇచ్చారు. ఇలాంటి బృందాలు ఇల్లు చూడటం, పిల్లల్ని బడిలో చేర్చడం, భాష నేర్పడం అన్నీ తామే చూసుకోవాలి.

లోపాలు లేవా?

ఉన్నాయి. లివింగ్ వేజ్ చట్టం కాదు, యజమాని ఇష్టపడి ఒప్పుకోవాలి. గంట రేటు పెంచి పని గంటలు తగ్గిస్తే కార్మికుడి చేతికి వచ్చేది పెద్దగా మారదు. 2016లో ప్రభుత్వం తన చట్టబద్ధ కనీస వేతనానికే ‘నేషనల్ లివింగ్ వేజ్’ అని పేరు పెట్టడంతో జనంలో గందరగోళం మొదలైంది.

కూటమి లోపల కూడా అన్నీ సాఫీగా ఉండవు. పాలస్తీనా వంటి విషయాల్లో మసీదుకు, సినగాగ్‌కు మాట కలవదు. అలాంటివి పక్కన పెట్టి పని చేయడం కొందరికి తెలివైన పనిగా కనిపిస్తే, ముఖ్యమైన మాట మింగేయడంగా ఇంకొందరికి తోస్తుంది. ఇమాం, పాస్టర్ చేతులు కలిపినంత మాత్రాన జమాతు మొత్తం కలిసినట్టు కాదు. స్త్రీలు, యువకులు, కొత్తగా వచ్చినవాళ్లు సభలో మాట్లాడుతున్నారా అన్నది ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిందే.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు తెలుసుకోవాల్సింది

ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ లాంటి చోట్ల తెలుగువాళ్లు, హైదరాబాదీలు చాలామంది ఉన్నారు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు షాపుల్లో, కేర్ హోముల్లో పార్ట్ టైమ్ చేస్తుంటారు. వాళ్లకు ఈ రెండింటి తేడా తెలియాలి.

2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకు చట్టబద్ధ వేతనం గంటకు 12.21 పౌండ్లు, 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకు 10 పౌండ్లు అయింది. అమల్లో ఉన్న చట్టబద్ధ వేతనం కంటే తక్కువ ఇస్తే అది నేరం, ఫిర్యాదు చేయవచ్చు. ఫౌండేషన్ 2024 అక్టోబర్‌లో ప్రకటించిన లివింగ్ వేజ్ మాత్రం లండన్‌లో 13.85, మిగతా బ్రిటన్‌లో 12.60 పౌండ్లు ఉండేది; ఈ రేటు 18 నిండినవాళ్లందరికీ ఒకటే. ఇంటి అద్దె, తిండి, బస్సు ఖర్చుల లెక్కతో ఈ రేటును ఏటా మారుస్తారు. గుర్తింపు తీసుకున్న సంస్థ తన దగ్గర క్రమం తప్పకుండా పనిచేసే కాంట్రాక్టు సిబ్బందికి కూడా ఇదే రేటు దక్కేలా చూడాలి. పనిలో చేరేముందు సంస్థకు ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మన దగ్గర కూడా ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పని చాలావరకు కాంట్రాక్టర్ల కిందే నడుస్తోంది. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతాం, అన్నదానాలు చేస్తాం. అవి ఆగకూడదు. కానీ కిట్ కోసం వరుసలో నిలబడ్డ మనిషి పొద్దున ఎక్కడ పని చేసి వచ్చాడో, ఎంత జీతం వస్తోందో కూడా ఒకసారి అడగాలి. బాల్టిమోర్ పాస్టర్లు చేసింది ముందుగా అదే.