వెలిగే బూట్లు

పోయిన వేసవిలో మా అమ్మాయివాళ్ళు అమెరికా నుంచి వచ్చినప్పుడు తాడేపల్లిగూడెం బజార్లో మనవరాలికి బూట్లు కొన్నాను. అడుగేస్తే మడమ దగ్గర ఎర్రలైట్లు వెలుగుతాయి. ఏడేళ్ళది, మురిసిపోయింది. మొన్న వీడియో కాల్‌లో "ఏవే, బడికి అవే వేసుకెళ్తున్నావా?" అని అడిగితే, "లేదమ్మమ్మా, దాక్కున్నప్పుడు లైట్లు కనబడిపోతాయి" అంది.

దాగుడుమూతలేమో అనుకున్నాను. కాదుట, లాక్‌డౌన్ డ్రిల్. తుపాకీ పట్టుకుని ఎవరైనా బళ్ళోకొస్తే టీచరు తలుపు గడియపెట్టి లైట్లార్పేస్తుంది. పిల్లలు కిటికీలోంచి కనబడని మూల నోరెత్తకుండా కూర్చోవాలి. తుమ్మొచ్చినా ఆపుకోవాలిట. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాటి నుంచి ఇదే చదువుతున్నాను. 1958లో షికాగోలో ఒక బడి తగలబడి 92 మంది పిల్లలు పోయాక అక్కడ అగ్నిప్రమాదాల నిబంధనలు బిగించారు. తుపాకీ భయం పెద్దదయింది 1999 ఏప్రిల్ 20న, కొలంబైన్ హైస్కూల్లో. అక్కడ చదివే కుర్రాళ్ళిద్దరే 12 మంది విద్యార్థుల్ని, ఒక మాస్టార్ని చంపేశారు. పోలీసులు బడి చుట్టూ నిలబడి ప్రత్యేక దళం కోసం ఎదురుచూశారు. ఆ తర్వాతే, ముందొచ్చినవాళ్ళు ఆగకుండా లోపలికెళ్ళాలని పద్ధతి మార్చారు. అయినా 2022లో ఉవాల్డీలో గంటకు పైగా బయటే ఆగారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. 2012లో శాండీహుక్‌లో పోయిన 20 మందీ మా పిల్ల ఈడువాళ్ళే. అది చదివాక ఫోన్ పక్కన పెట్టేసి వంటింట్లోకెళ్ళిపోయాను.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పాలి. 2002లో అక్కడి సీక్రెట్ సర్వీసువాళ్ళు 37 దాడుల్ని పరిశీలిస్తే, అయిదింట నాలుగు సార్లు ముందే ఎవరో ఒకరికి తెలుసుట. ఎక్కువగా స్నేహితులకే. పిల్లలకి దాక్కోవడం నేర్పడం సరే, విన్నది వచ్చి చెప్పుకోడానికి తిట్టని పెద్దమనిషి ఒకరుండాలి కదా!

మనకిది కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖ, కాకినాడల మీద బాంబులేశారు. మా గూడెంలో విమానాల రన్‌వే ఆ యుద్ధం నాటిదే. విమానం మోత వినబడితే బల్లకింద దూరమని మాస్టారు చెప్పేవారని మా అత్తగారు అనేవారు. 2023లో బెంగాల్‌లోని మాల్దాలో ఒకడు తుపాకీతో తరగతిలోకి దూరాడు. పోలీసులు మాటల్లో పెట్టి మీదపడి పట్టుకున్నారు, పిల్లలకేమీ కాలేదు.

నా చిన్నప్పుడు కొల్లేటి గట్టున మా ఊళ్ళో నీళ్ళొస్తే ఊరంతా బడికే పరిగెత్తేది. పక్కా కట్టడం అదొక్కటే. మేకలతో సహా నల్లబల్ల కింద పడుకునేవాళ్ళం.

ఈ మాట మనవరాలికి చెబితే, "మేకలు అరవలేదా అమ్మమ్మా?" అంది. అరిచాయనే చెప్పాను.

బూట్లు ఆదివారాలు పార్కుకి వేసుకుంటోందిట.