ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది

తుప్పు పట్టిన పాత పికప్ బాడీని విప్పి, గీకి, రంగేసి కొత్త ఫోర్‌వీల్ డ్రైవ్ ఛాసిస్ మీద ఎక్కించడం అమెరికాలో ఖరీదైన సరదా. 1946లో వచ్చిన డాడ్జ్ పవర్ వ్యాగన్, 1947 నాటి విల్లీస్ పికప్ అంటే అక్కడివాళ్లు చెవి కోసుకుంటారు. హైదరాబాద్ జీపు ప్రియులకూ ఈ మోజు ఉంది. అయితే కింది ఇనుము ఒకరిది, పై కట్టడం ఇంకొకరిది కావడం ఈ నగరానికి కొత్త కాదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సంగతే చూడండి. ఆయన 1911లో కన్నుమూశాక, కొడుకు హయాంలో అది నగరానికి చేరింది. రోల్స్ రాయిస్ తయారు చేసింది ఛాసిస్, ఇంజన్ మాత్రమే. సింహాసనం లాంటి సీటున్న పసుపు పచ్చ బాడీని కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఆ కారును ఇప్పటికీ చూడొచ్చు.

రాజుగారి కారు సరే, జనం ఎక్కే బండి మాటేమిటి?

నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. ఆ శాఖకు గౌలిగూడలోని ఇనుప హ్యాంగర్ బస్టాండయింది. దశాబ్దాల పాటు బస్సులకు నీడనిచ్చిన ఆ హ్యాంగర్ 2018 జూలై 5న కుప్పకూలింది. అప్పటికే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది. స్కాట్లాండ్ కంపెనీ ఆల్బియన్ తయారు చేసిన 1932 నాటి బస్సు ఒకటి మాత్రం ఆర్టీసీ ప్రధాన కార్యాలయమైన బస్ భవన్ దగ్గర భద్రంగా ఉంది.

బాడీ కట్టే పనిని నగరానికి సొంతం చేసింది ఆల్విన్. 1942లో పుట్టిన ఈ సంస్థను చాలామంది ఫ్రిజ్‌లతోనే గుర్తుపెట్టుకున్నారు. కానీ లేలాండ్ ఛాసిస్‌ల మీద బస్సు బాడీలు, డబుల్ డెక్కర్లు కట్టింది కూడా సనత్‌నగర్‌లోని ఈ ఫ్యాక్టరీయే. తర్వాత ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కుల తయారీ మొదలుపెట్టింది. 1980ల చివర్లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది.

మహీంద్రాకు హైదరాబాద్‌తో అంతకుముందే ఓ చుట్టరికం ఉంది. 1945లో ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ ఎవరో కాదు, నిజాం కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మాలిక్ గులాం మొహమ్మద్. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ మిగిలిన కంపెనీ విల్లీస్ జీపులను బిగించి అమ్మింది. 2010లో అదే కంపెనీ పాత జీపు రూపాన్ని కొత్త ఇంజన్, కొత్త ముందు సస్పెన్షన్ మీద నిలబెట్టి థార్ పేరుతో అమ్మకానికి పెట్టింది. షెడ్డులో మిస్త్రీ కనే కలను ఫ్యాక్టరీయే నిజం చేసిందన్నమాట.

మరి పాత బాడీని కొత్త ఛాసిస్ మీద ఎక్కించడం షెడ్డులో ఎందుకంత కష్టం? టేపు పెట్టి కొలిస్తే తెలుస్తుంది. పాత విల్లీస్ సీజే జీపు ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. 2010 థార్‌కు అది 2430. తేడా దాదాపు 40 సెంటీమీటర్లు. పాత బాడీని ఉన్నదున్నట్టు పెడితే వెనక చక్రం ఫెండర్ కింద ఇమడదు. బాడీని సాగదీయాలి, లేదా ఛాసిస్‌ను కోసి అతకాలి. అతుకు సరిగా పడకపోతే గుంతల రోడ్డు మీద పగులు వచ్చేది అక్కడే. ఆ తర్వాత స్టీరింగ్ రాడ్డుకు దారి చూడాలి, ట్రాన్స్‌ఫర్ కేసు లివర్లకు ఫ్లోరులో కొత్త బెజ్జాలు చేయాలి, రబ్బరు బుష్షులు కూర్చునే చోట బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్ మీద బాడీ కట్టే పనివాళ్లకు ఈ తలనొప్పి లేదు. వాళ్లకు వచ్చేది బాడీ కట్టుకోవడానికి కంపెనీ సిద్ధం చేసిన ఛాసిస్.

పనితనం గట్టెక్కినా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. వింటేజ్ నంబరు తెచ్చుకుందామన్నా కుదరదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయల ఫీజుతో ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పైగా ఆ అవకాశం టూవీలర్లకు, ప్రయాణికుల కార్ల తరగతికే. సామాన్ల పికప్‌కు అందులో చోటు లేదు.

కాబట్టి కట్టర్ పట్టుకునే ముందు లక్డీకాపూల్ పక్కనే ఉన్న ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు ఒకసారి వెళ్లిరండి. పాత బాడీ చేతిలో ఉంటే దానికి తగ్గ పాత ఛాసిస్‌నే వెతికి బాగు చేయించుకోండి. ఖర్చు తక్కువ కాకపోవచ్చు, కాగితాలు మాత్రం నిలుస్తాయి.