ఉర్దూలో సాగిన అంతర్జాతీయ చదువు

కాలేజీలో అంతర్జాతీయ వ్యవహారాలు చదువుతానని మన కుర్రవాడెవడైనా అంటే, "అది ఢిల్లీ వాళ్ళ చదువు, మనకెందుకురా" అంటాం. ఢిల్లీ మాట నిజమే. అక్కడ 1955లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఏర్పడింది, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కాని అంతకు చాలా ముందే మన హైదరాబాదులో ఈ చదువు సాగిందని, అదీ ఉర్దూలో సాగిందని మనలో ఎందరికి తెలుసు?

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, మొదలైంది. పాఠం చెప్పాలంటే ముందు మాటలు పుట్టాలి గదా! దేశాల మధ్య నడిచే న్యాయానికి "ఖానూనె బైనుల్ మమాలిక్" అనే పేరు మన విద్యార్థుల నోళ్ళలో పడింది.

ఆ పాఠం చెప్పినవారిలో ముఖ్యులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్. 1908లో హైదరాబాదులోనే పుట్టారు, ఉస్మానియాలోనే చదివారు. ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయం మీద జర్మనీలోని బాన్‌లో డాక్టరేటు తీసుకున్నారు. ప్రవక్త (స) కాలంనాటి దౌత్యం మీద పారిస్‌లో మరొకటి. తిరిగొచ్చి తమ విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకులయ్యారు. ఈ శాస్త్రం యూరపులో గ్రోషియస్‌తో, 1625 నాటి ఆయన గ్రంథంతో పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 805లో మరణించిన ఇమాం ముహమ్మద్ షైబానీ అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే "సియర్" పేరుతో యుద్ధం, సంధి, ఖైదీలు, దూతల గురించి నియమాలు రాశారని హమీదుల్లా ఎత్తి చూపారు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదండీ, ఆధారాలు ముందు పెట్టి చేసిన వాదన.

1948 సెప్టెంబరులో హైదరాబాదు ఫిర్యాదుతో ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన ప్రతినిధి వర్గంలో ఆయన ఉన్నారు. సమావేశాలు పారిస్‌లో. ఫిర్యాదు మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోము. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలిసింది, ఆయన మాత్రం తిరిగి రాలేదు. దశాబ్దాల తరబడి పారిస్‌లోనే ఉండి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు (1959). మరే దేశపు పౌరసత్వమూ తీసుకోలేదని ఆయన గురించి రాసినవారు చెబుతారు. దేశాల మధ్య న్యాయం బోధించిన మనిషి శరణార్థి కాగితాలతో బతికారన్న మాట! 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఇటు ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది, శ్రమపడి పుట్టించిన ఆ మాటలు అలమారల్లో ఉండిపోయాయి.

ఈ చదువు అవసరం మాత్రం మన గడప దాటి లోపలికి వచ్చేసింది. మన కుటుంబాలవాళ్ళు ఎందరో సౌదీలో, కువైట్‌లో, దుబాయిలో ఉన్నారు. కఫాలా అంటే ఏమిటో, పాస్‌పోర్టు యజమాని దాచిపెడితే ఎవరికి చెప్పుకోవాలో, ఏ దేశంతో మన దేశానికి ఎలాంటి ఒప్పందం ఉందో తెలియక ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. అరబీలో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా ఉన్న కాంట్రాక్టును పక్కపక్కన పెట్టి చదవగలిగినవాళ్ళు మన పేటలో ఎందరని లెక్క వేస్తే, ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి.